కూలి, జీతాల పోరాటాల్లో ఆడవాళ్లు సాధించినవి ఏంటి? వివరాలు కావాలి

కుట్టుమిషన్ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో టైలర్‌ని. కుట్టు లైన్లలో దాదాపు అందరం ఆడవాళ్లమే. ఈమధ్య నన్ను యూనియన్ కమిటీలోకి తీసుకున్నారు. వచ్చే జనరల్ బాడీలో మహిళల తరఫున మాట్లాడమన్నారు.

కమిటీలో ఒక సీనియర్ అన్న మాట మనసులోంచి పోవడం లేదు. "పని గంటలు, జీతాలు, బోనస్, ఇవన్నీ మగ కార్మికులు కొట్లాడి తెచ్చినవేనమ్మా. ఆడవాళ్లు వెనకాల నిలబడి బలమిచ్చారు" అన్నారు. చెడ్డ ఉద్దేశంతో అనలేదు, నిజంగానే అలా నమ్ముతున్నారు. అక్కడున్న ఆడవాళ్లు కూడా కొందరు అవునన్నట్టు తలూపారు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

"మహిళలు ఎన్నో త్యాగాలు చేశారు" లాంటి మాటలతో నా పని జరగదు. ఎవరు, ఎక్కడ, ఏం అడిగారు, ఏం వచ్చింది, ఏం రాలేదు, ఇవి కావాలి. ఓడిపోయినవైనా చెప్పండి.

ఇంకో సంగతి. మా దగ్గర కటింగ్‌లో మగవాళ్లు, కుట్టులో మేము. వాళ్లది స్కిల్డ్ గ్రేడ్, మాది సెమీ స్కిల్డ్. ఎప్పటినుంచో ఇలాగే ఉంది, ఎందుకని ఎవరూ అడగలేదు. ఇది మీటింగ్‌లో లేవనెత్తవచ్చా? నవ్వుతారేమోనని టెన్షన్‌గా ఉంది.

పాత_స్టెనో:

అమ్మా, నేను స్టెనోగా చేసి రిటైరయ్యాను. యూనియన్ పనిలో కూడా చాలా కాలం ఉన్నాను. మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అచ్చంగా ఆ గొడవ మీదే ఒక పెద్ద సమ్మె జరిగింది, చేసింది కూడా కుట్టుపని వాళ్లే.

1968లో ఇంగ్లండ్‌లోని డాగెన్‌హామ్‌లో, ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీలో. కారు సీట్ల కవర్లు కుట్టే 187 మంది ఆడవాళ్లు. కంపెనీ ఉద్యోగాలన్నిటికీ కొత్తగా గ్రేడ్లు వేస్తూ వీళ్లను 'బి'లో పడేసింది, అంటే తక్కువ నైపుణ్యం చాలే పని అని. పైగా అదే 'బి' గ్రేడు మగవాళ్లకు ఇచ్చేదాంట్లో 85 శాతమే వీళ్లకు. కుట్టు పరీక్ష పెట్టి మరీ ఉద్యోగంలోకి తీసుకునేవాళ్లు, తీసుకున్నాక నైపుణ్యం లేదనేవాళ్లు. జూన్ 7న మిషన్లు ఆపేసి బయటికొచ్చారు. సీట్లు లేకుండా ఏ కారూ అమ్ముడుపోదు కదా. మూడు వారాలకల్లా ఫ్యాక్టరీలో కార్ల తయారీయే ఆగిపోయింది. అప్పటి మంత్రి బార్బరా కాజిల్ వాళ్లను పిలిపించి మాట్లాడారు. మగవాళ్ల రేటులో 92 శాతం ఇవ్వడానికి ఒప్పందం కుదిరింది. 1970లో బ్రిటన్‌లో సమాన వేతన చట్టం రావడానికి ఆ సమ్మె ఒక ముఖ్య కారణం.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. మీరు ఆపొద్దు. ఆ ఆడవాళ్లు మొదట అడిగింది 'సి' గ్రేడు. అది రాలేదు. 1984లో మళ్లీ వారాల తరబడి సమ్మె చేస్తేనే దక్కింది. పదహారేళ్లు పట్టింది! జీతం కొంత పెంచడం యాజమాన్యానికి ఒక లెక్క. ఈ పనికి నైపుణ్యం కావాలి అని కాగితం మీద రాసివ్వడం ఇంకో లెక్క. ఒకసారి గ్రేడు ఒప్పుకుంటే ఆ తర్వాత జరిగే ప్రతి ఒప్పందంలోనూ దానికి తగ్గట్టు ఇవ్వాల్సిందే. అందుకే అంత బిగుసుకుంటారు. ఎవరైనా నవ్వితే ఈ సంగతి చెప్పండి.

రెండోది మా స్టెనోలది, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. ఆడ్రీ డి'కోస్టా అని బొంబాయిలో మెకిన్నన్ మెకంజీ కంపెనీలో స్టెనోగా చేసేవారు. 1977లో ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఆవిడ కేసు వేశారు, తాను చేసిన పనే చేసిన మగ స్టెనోలకు ఎక్కువ జీతం ఇచ్చారని. కంపెనీ వాదన వినండి. వీళ్లు పెద్ద అధికారుల దగ్గర పనిచేసే 'కాన్ఫిడెన్షియల్ లేడీ స్టెనోగ్రాఫర్లు', ఆ కేటగిరీలో మగవాళ్లే లేరు, మరి పోల్చడం ఎలా అని. ఆడవాళ్లను మాత్రమే పెట్టి ఒక కేటగిరీ చేసి, అందులో మగవాళ్లు లేరు కాబట్టి వివక్ష లేదనడం! పైగా ఆ జీతాలు యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం ప్రకారమే ఇచ్చామని కూడా అన్నారు. అది మన యూనియన్ల వాళ్లందరికీ గుచ్చుకోవాల్సిన మాట.

కింది స్థాయి అధికారి ఆవిడ వాదన ఒప్పుకోలేదు. అప్పీల్లో గెలిచారు. కంపెనీ హైకోర్టుకెళ్లి ఓడింది, సుప్రీంకోర్టుకెళ్లి ఓడింది. 1987 మార్చిలో సుప్రీంకోర్టు మూడు సంగతులు తేల్చింది. పనిలో చిన్న చిన్న తేడాలు చూపించి జీతం తగ్గించకూడదు. ఇచ్చే స్తోమత లేదు అనే సాకు మన 1976 సమాన వేతన చట్టం ముందు చెల్లదు. యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం కూడా చట్టాన్ని మించిపోదు. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. జీతాల చర్చకు కూర్చున్న ప్రతిసారీ పనికొస్తాయి. ఇవి దేశంలో ఉద్యోగాలు చేసే ఆడవాళ్లందరికీ ఒక స్టెనో పట్టుదల వల్ల వచ్చినవి.

పని గంటలు మగవాళ్లు తెచ్చారన్న మాటకు మీ రంగంలోంచే జవాబుంది. 1909 నవంబర్ 22న న్యూయార్క్‌లో కూపర్ యూనియన్ హాల్లో బ్లౌజులు కుట్టే కార్మికుల సభ జరిగింది. నాయకులు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడుతున్నారు, జాగ్రత్తగా ఆలోచించి చేద్దామంటున్నారు. క్లారా లెమ్లిక్ అనే 23 ఏళ్ల కుట్టుపని అమ్మాయి లేచి, ఇంక మాటలు చాలు, అందరం సమ్మెకు దిగుదాం అని తీర్మానం పెట్టింది. హాలంతా ఒప్పుకుంది. 20 వేల మందికి పైగా బయటికొచ్చారు, ఎక్కువ మంది చిన్న వయసు ఆడపిల్లలే. పోలీసులు కొట్టారు, జైళ్లలో పెట్టారు. 1910 ఫిబ్రవరికల్లా చాలా ఫ్యాక్టరీలు దిగొచ్చాయి. వారానికి 52 గంటల పని, సూదులకీ దారానికీ కార్మికుల దగ్గర డబ్బులు పట్టుకోకపోవడం లాంటివి ఒప్పందాల్లోకి వచ్చాయి.

యూనియన్‌ను ఒప్పుకోని వాటిలో ట్రయాంగిల్ అనే ఫ్యాక్టరీ ఒకటి. 1911 మార్చి 25న అందులో నిప్పంటుకుంది. బయటికెళ్లే తలుపుకు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు, వాళ్లలో 123 మంది ఆడవాళ్లు, ఆడపిల్లలు. మీ ఫ్యాక్టరీలో డ్యూటీ టైమ్‌లో ఎమర్జెన్సీ తలుపులు తెరిచే ఉంటున్నాయా? ప్రసంగం సంగతి తర్వాత, ముందు అది చూడండి తల్లీ. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా పోయారు. గోడలకు పగుళ్లు కనపడ్డాక కూడా వాళ్లను లోపలికి పంపించారు. ఎక్కువమంది మీలాంటి టైలర్లే.

ట్రయాంగిల్ మంటల్ని వీధిలో నిలబడి చూసినవాళ్లలో ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఒకరు. ఆమె 1933లో అమెరికా కార్మిక మంత్రి అయ్యారు. ఆ దేశంలో కేబినెట్‌లోకి వచ్చిన మొదటి మహిళ. ఆమె పట్టుబట్టి తెచ్చిన 1938 చట్టంతోనే అక్కడ దేశం మొత్తానికీ కనీస వేతనం, ఓవర్‌టైమ్ వచ్చాయి. మగ కార్మికులు కూడా ఆ జీతమే తీసుకున్నారు. మీ సీనియర్‌కు ఈ మాట మర్యాదగానే చెప్పండి. అయితే ఆ చట్టంలో పొలం పని చేసేవాళ్లనూ, ఇళ్లలో పని చేసేవాళ్లనూ వదిలేశారు. నల్లజాతి ఆడవాళ్లు ఎక్కువగా చేసింది ఆ పనులే. వాళ్లలో ఒకరైన డొరొతీ బోల్డెన్ 1968లో అట్లాంటాలో ఇంటిపని వాళ్లకు యూనియన్ పెట్టారు. సభ్యత్వం కావాలంటే ఓటరుగా నమోదు చేసుకోవాలని ఆమె షరతు. నాకు చాలా నచ్చిన షరతు అది.

లెక్కల_పంతులు:

పాత స్టెనో గారు చెప్పినవన్నీ జీతం వచ్చే పనులు. జీతం రాని పని గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి.

1975 అక్టోబర్ 24న ఐస్‌లాండ్‌లో దాదాపు 90 శాతం ఆడవాళ్లు ఆ ఒక్కరోజు ఏ పనీ చేయలేదు. ఆఫీసు పనీ లేదు, ఇంటిపనీ లేదు, పిల్లల్ని చూసుకోవడమూ లేదు. బ్యాంకులు, బడులు, చేపల ఫ్యాక్టరీలు నడవలేదు. తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకు వెళ్లారు. మరుసటి సంవత్సరమే సమానత్వ చట్టం చేశారు. 2018లో అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం అక్కడ 25 మంది, అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు సమాన జీతాలు ఇస్తున్నామని తామే రుజువు చేసుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాల్సి వచ్చింది. ఇదివరకు రుజువు చేయాల్సిన బరువు ఉద్యోగిని మీద ఉండేది. అది యజమాని మీదకు మారింది. నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద గెలుపు ఇదే.

ఆ బరువు ఉద్యోగిని మీదే ఉంటే ఏమవుతుందో లిలీ లెడ్‌బెటర్ కేసులో కనిపిస్తుంది. అమెరికాలో గుడ్‌ఇయర్ టైర్ల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. మగవాళ్ల కన్నా తనకు తక్కువ ఇస్తున్నారని, రిటైర్మెంట్ దగ్గర పడ్డాక, ఎవరో పేరు లేకుండా పెట్టిన చీటీ వల్ల తెలిసింది. 2007లో అక్కడి సుప్రీంకోర్టు, వివక్ష మొదలైన 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయలేదు కదా అని కొట్టేసింది. తెలియని దాని మీద ఫిర్యాదు ఎలా చేస్తుంది? 2009లో ఆమె పేరుతోనే చట్టం మార్చారు, తక్కువ జీతం ఇచ్చిన ప్రతిసారీ గడువు కొత్తగా మొదలవుతుంది. ఆమెకు మాత్రం ఒక్క డాలరూ రాలేదు. మీ యూనియన్‌లో ఎవరి జీతం ఎంతో ఒకరికొకరు చెప్పుకోవడం మొదలుపెట్టండి. ఖర్చు లేని పని.

మన దేశం లెక్క కూడా చెప్తాను. ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో చూసే 2019 టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపనికి, ఆ పని చేసే ఆడవాళ్లు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టేవారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఈ అంకెలు 2021లో సుప్రీంకోర్టు తీర్పులోకి కూడా వెళ్లాయి. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన గృహిణికి పరిహారం లెక్క కట్టేటప్పుడు ఆమె పనికి విలువ ఎందుకు కట్టాలో జస్టిస్ ఎన్.వి. రమణ అందులో వివరంగా రాశారు. మనిషి పోయాక కాకుండా ఉండగానే ఆ లెక్క కట్టాలని నా కోరిక.

చట్టం_పుస్తకం:

అన్నీ పోరాటం వల్లే వచ్చాయంటే నేను ఒప్పుకోను. మన సమాన వేతన చట్టం సంగతే తీసుకోండి. 1975లో ఆర్డినెన్స్‌గా తెచ్చారు, 1976లో చట్టమైంది. 1975ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా సంవత్సరంగా ప్రకటించింది కాబట్టి తెచ్చారు. నాకు తెలిసినంతవరకు దానికోసం ఏ ఫ్యాక్టరీ గేటు దగ్గరా సమ్మె జరగలేదు. ప్రసంగంలో ఎక్కువ చేసి చెబితే, తెలిసినవాళ్లు లేచి అడుగుతారు.

పాత_స్టెనో:

ఆర్డినెన్స్ సంగతి మీరన్నది నిజమే. కానీ 1974లో మహిళల స్థితిగతుల మీద వేసిన కమిటీ రిపోర్టు ఇచ్చింది. ఫూల్‌రేణు గుహ అధ్యక్షురాలు, వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. ఉద్యోగాల్లో, చట్టసభల్లో ఆడవాళ్ల సంఖ్య ఎలా పడిపోతోందో అందులో బయటపెట్టారు. స్వతంత్రం వచ్చాక అన్నీ మెరుగయ్యాయనుకున్న వాళ్లకు అది పెద్ద దెబ్బ. గేటు దగ్గర నినాదాలిస్తేనే పోరాటమా సార్? ఊళ్లు తిరిగి, లెక్కలు తీసి ప్రభుత్వం ముందు పెట్టడం కూడా పోరాటమే. ఇక చట్టం వచ్చాక పదేళ్లకు పైగా పట్టింది, డి'కోస్టా కేసులో అది కాగితం దాటి బయటికి రావడానికి. చట్టం తెచ్చినవాళ్లను తలుచుకుందాం. దాన్ని పట్టుకుని కోర్టు మెట్లెక్కిన ఆవిడను కూడా తలుచుకుందాం.

కుట్టుమిషన్:

అందరికీ థాంక్స్. ఇంత వస్తుందనుకోలేదు. ఎమర్జెన్సీ తలుపు చూశాను మేడమ్. తెరిచే ఉంది, కానీ దాని ముందు కార్టన్లు పేర్చారు. తీయించమని రాసిచ్చాం.

ఇంకో రెండు అడగాలి. మా ఫ్యాక్టరీ కొంత పని బయట ఇళ్ల దగ్గర కుట్టేవాళ్లకు పీస్ రేటు మీద ఇస్తుంది. వాళ్లను యూనియన్‌లో చేర్చుకుందామంటే, వాళ్లు మన కంపెనీ వర్కర్లే కాదంటున్నారు మావాళ్లు. రెండోది, కటింగ్‌తో సమానంగా గ్రేడ్ అడిగితే చట్టం మా వైపు ఉంటుందా?

పాత_స్టెనో:

వర్కర్లే కాదు అన్న మాట అహ్మదాబాద్‌లో ఇళా భట్‌కు సాక్షాత్తూ లేబర్ డిపార్ట్‌మెంటే చెప్పింది. 1972లో 'సేవా' (SEWA) అనే, సొంతంగా పని చేసుకునే ఆడవాళ్ల సంఘాన్ని ట్రేడ్ యూనియన్‌గా రిజిస్టర్ చేయమంటే, మీకు యజమాని ఎవరూ లేరు, మరి ఎవరి మీద పోరాడతారు అని అడిగారు. బరువులు మోసేవాళ్లు, పాతబట్టలు అమ్మేవాళ్లు, ఇంటి దగ్గర కుట్టేవాళ్లు అందులో సభ్యులు. యూనియన్ ఉండేది ఎవరో ఒకరి మీద పోరాడటానికే కానక్కర్లేదు, పనిచేసేవాళ్లు ఒక్కటవ్వడానికి అని ఆమె వాదించి, ఆ ఏడాది ఏప్రిల్‌లో రిజిస్ట్రేషన్ సాధించారు. 1974లో 4 వేల మంది తలా పది రూపాయలు వేసుకుని సొంత బ్యాంకు పెట్టుకున్నారు. సంతకం రాని వాళ్లకు ఫొటోతో పాస్‌బుక్ ఇచ్చారు. ఇళ్ల దగ్గర పనిచేసేవాళ్ల కోసం 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రత్యేకంగా ఒక ఒప్పందమే చేసింది, దాని వెనక సేవా కృషి చాలా ఉంది. కాబట్టి వాళ్లను చేర్చుకోండి. బయట పీస్ రేటు తక్కువగా ఉన్నంతకాలం మీ రేటు కూడా పెరగదు, పని అటు పోతుంది. మీవాళ్లకు న్యాయం మాట కన్నా ఈ మాట తొందరగా ఎక్కుతుంది.

అంగన్‌వాడీ వాళ్లకు కూడా ఇదే సమస్య. ఇచ్చేది గౌరవ వేతనమే, జీతం కాదు అంటూ ఏళ్లకేళ్లు నెట్టుకొచ్చారు. 2022లో సుప్రీంకోర్టు వాళ్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని చెప్పింది.

గ్రేడు సంగతి చట్టం_పుస్తకం గారు చెబితే బాగుంటుంది.

చట్టం_పుస్తకం:

చెప్తాను. 2019 వేతనాల కోడ్‌లో మూడో సెక్షన్ చూడండి. ఒకే యజమాని దగ్గర 'అదే పని లేదా అలాంటి పని' చేసేవాళ్లకు ఆడ, మగ తేడాతో జీతం మార్చకూడదు. పాత 1976 చట్టంలో కూడా ఇదే. కటింగ్, కుట్టు రెండూ అలాంటి పనులే అని నిరూపించడం కష్టం. యాజమాన్యం లాయర్ మొదట పట్టుకునేది అదే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1951 ఒప్పందం మాత్రం 'సమాన విలువ గల పని' అంటుంది. అది ఇంకా విశాలం. పనులు వేరైనా వాటికి కావాల్సిన నైపుణ్యం, శ్రమ, బాధ్యత తూచి చూడాలి. మన దేశం దాన్ని 1958లోనే ఆమోదించింది, చట్టంలోకి మాత్రం పూర్తిగా తేలేదు. బ్రిటన్ 1984 జనవరి నుంచి సమాన విలువను చట్టంలో పెట్టుకుంది. డాగెన్‌హామ్ వాళ్లకు అదే ఏడాది గ్రేడు రావడంలో ఆ గాలి కూడా ఉంది.

అందుకని మీరు కోర్టు దారి కన్నా డిమాండ్ల పత్రం దారి పట్టండి. తర్వాతి వేతన ఒప్పందంలో గ్రేడ్ల సవరణ ఒక అంశంగా పెట్టించండి. ఒక్క సంగతి ముందే చెప్పి ఉంచండి. జీతాలు సమానం చేయడానికి ఎవరి జీతమూ తగ్గించకూడదని అదే మూడో సెక్షన్‌లో ఉంది. కటింగ్ వాళ్లకు భయం అక్కడే ఉంటుంది. ఆ భయం తీరిస్తే సగం ఓట్లు మీవే.

కుట్టుమిషన్:

చాలా థాంక్స్ సార్. మా లైన్లలో అందరి దగ్గరా ఒక లిస్టు తీస్తున్నాను. చేరేటప్పుడు ట్రయల్ ఏ మిషన్ మీద కుట్టించారు, ఇప్పుడు ఎన్ని రకాల మిషన్లు నడుపుతున్నారు, కొత్తగా వచ్చిన పిల్ల పూర్తి టార్గెట్ అందుకోవడానికి ఎంత కాలం పడుతోంది అని. కటింగ్‌లో కూడా ఇవే ప్రశ్నలు అడుగుతాను. అక్కడ ఒక తమ్ముడు తన పేస్లిప్ కూడా చూపిస్తానన్నాడు. లిస్టు పూర్తయ్యాక పేర్లు తీసేసి ఇక్కడ పెడతాను, చర్చలో ఏవి నిలుస్తాయో చూసి చెప్పండి.